ఒక రొట్టె, ఒక రూపాయి

సంక్రాంతి అంటే పంట ఇంటికొచ్చే పండుగ అని చిన్నప్పటి నుంచి చదువుకున్నాం. గోదావరి, కృష్ణా డెల్టాల్లో అది నిజం. నెల్లూరు సీమలో లెక్క వేరు. ఇక్కడి పెద్ద పంట ఈశాన్య రుతుపవనాల వానల మీద, సోమశిల నీటి మీద ఆధారపడింది. అక్టోబరు దాటితేనే నార్లు, ఆ తర్వాత నాట్లు. వెంకటాచలం మండలంలో సర్వేపల్లి జలాశయం కింద జనవరి నడిమికి వరి ఇంకా పచ్చగానే ఉంటుంది. కోతలు ఊపందుకునేది మార్చిలో. దుక్కికి, నారుకు, నాట్లకు, ఎరువుకు పెట్టాల్సిందంతా పెట్టేశాక, రావలసిందేదీ ఇంకా రాకముందు, సరిగ్గా చేతిలో డబ్బు ఆడని రోజుల్లో ఇక్కడ పెద్ద పండుగ వస్తుంది.

కూలికి వెళ్లే ఇళ్లలో ఈ ఇరుకు మరింత ఎక్కువ. నాట్లు అయిపోయాయి, కోతలు ఇంకా రాలేదు. క్రిస్మస్ చేసుకునే కుటుంబాలకు మూడు వారాల ముందే ఆ కష్టం మొదలవుతుంది. వాన కాస్త ఎక్కువైతే చెప్పనే అక్కర్లేదు. 2015 నవంబరులోనూ, 2021 నవంబరులోనూ జిల్లాను ముంచెత్తిన వానలు, వరదలు ఇక్కడివారెవరూ మరిచిపోలేదు. నారు కుళ్లిపోయి రెండోసారి నాటుకున్న ఇంట్లో సంక్రాంతి ఖర్చు ఎక్కడి నుంచి వస్తుంది? అప్పు నుంచే వస్తుంది.

నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి ఒక కుటుంబం పండుగ కోసం ఇరవై వేలు తెచ్చిందనుకుందాం. నెలకు 600. కోతలు పూర్తయి వడ్లు అమ్ముకునేసరికి మూడు నెలలైనా పడుతుంది. అప్పటికి వడ్డీయే 1,800. ఏ కారణం చేతనో ఆ ఏడు తీర్చలేకపోతే, మళ్లీ భోగి వచ్చేసరికి వడ్డీ 7,200 అవుతుంది. మూడు రోజుల సంబరానికి పన్నెండు నెలల బరువు. ఫోన్లో నాలుగు నొక్కులతో అప్పు దొరికే ఈ రోజుల్లో ఆ బరువు ఎత్తుకోవడం మరీ సులువైపోయింది, దించుకోవడం మాత్రం కాలేదు.

అందుకే పండుగలను తక్కువ ఖర్చుతో, నేలకూ నీటికీ చేటు లేకుండా చేసుకోవాలన్న మాటను పట్నపు తీరిక కబురుగా తీసుకోలేం. వెంకటాచలం లాంటి చోట అది కుటుంబం నిలబడే విషయం. అయితే ఆ మాట చెప్పే తీరులో ఒక జాగ్రత్త కావాలి. ఏడాదికోసారి బిడ్డకు కొత్త గౌను కొనాలనుకునే తల్లికి పొదుపు పాఠం చెప్పే హక్కు ఎవరికీ లేదు. ఆ గౌను ఖర్చు దండగ కాదు. పండుగను తగ్గించుకోమనడం పరిష్కారం కాదు. పండుగ ఎందుకింత ఖరీదైందో, మునుపు ఎందుకు కాలేదో చూడడం మేలు.

భోగి మంటనే చూద్దాం. ఇంట్లో పాతబడినదాన్ని తెచ్చి మంటలో వేయమన్నారు పెద్దలు. ఆ మాట పుట్టిన కాలంలో ఇంట్లో పాతబడేవి ఏమిటి? చిరిగిన తాటాకు చాప, విరిగిన మంచం కోడు, పుచ్చిన తట్ట, పాత చీపురు. అన్నీ చెట్టు నుంచో గడ్డి నుంచో వచ్చినవే. వాటికి తోడు పిల్లలు దండగా గుచ్చిన పిడకలు. కాలితే మిగిలేది బూడిద. ఆ బూడిద అంట్లు తోమడానికి, పాదులకు చల్లడానికి పనికొచ్చేది. ఇవాళ మన ఇళ్లలో పాతబడేవి వేరు. ప్లాస్టిక్ కుర్చీ, ఫోము పరుపు, పాలిస్టరు గుడ్డలు, రబ్బరు చెప్పులు, బండి టైరు. ఆచారం అదే, చేయి అదే, మంటలో పడే వస్తువు మారిపోయింది. పీవీసీ లాంటి ప్లాస్టిక్ కాలితే డయాక్సిన్లు పుడతాయి. చలికాలపు తెల్లవారుజామున గాలి కదలదు, పొగ పైకి లేవదు. మంట చుట్టూ చేతులు కాచుకునే పసిపిల్లలే ఆ పొగను ముందు పీలుస్తారు.

మనకు దక్షిణాన ఉన్న చెన్నైలో 2018 భోగి ఉదయం పొగమంచుతో పొగ కలిసి విమానాశ్రయం దాదాపు స్తంభించింది. విమానాలు ఆలస్యమయ్యాయి, కొన్నింటిని వేరే ఊళ్లకు మళ్లించారు. అక్కడి కాలుష్య నియంత్రణ మండలి ఏటా భోగికి ముందు టైర్లు, ప్లాస్టిక్ కాల్చవద్దని ఇల్లిల్లూ చేరేలా చెప్పుకుంటూ వస్తోంది. పల్లెలో గాలి కొలిచే యంత్రం ఉండదు కనుక మన పొగ వార్తల్లోకి ఎక్కదు. పీల్చేవారి ఊపిరితిత్తులకు మాత్రం ఊరూ పట్నమూ ఒకటే.

వినాయక చవితిలోనూ ఇదే జరిగింది. చెరువులోని ఒండ్రుమట్టితో బొమ్మ చేసి, తోటలో దొరికే పత్రితో పూజించి, తిరిగి చెరువులోనే కలిపేవారు. చెరువు మట్టి చెరువుకే చేరేది. ఇరవై ఒక్క రకాల ఆకులు ఏరుకొచ్చే పనిలో పిల్లలకు ఏ చెట్టు ఎక్కడుందో తెలిసేది. దేవుడి నెత్తిన కట్టే పాలవెల్లికి వెదురు పుల్లలు, మొక్కజొన్న కంకులు, వెలగకాయలు చాలేవి. ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ వచ్చాక విగ్రహం పెద్దదైంది, రంగు మెరిసింది, ధర పెరిగింది. ఆ పొడి జిప్సాన్ని కాల్చి చేసేది. నీళ్లు తగిలితే మళ్లీ జిప్సంగానే గట్టిపడుతుంది తప్ప తొందరగా కరగదు. పైన పూసిన రంగుల్లో సీసం, క్రోమియం లాంటి లోహాలుంటే అవి నీళ్లలోకే దిగుతాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2010లో నిమజ్జనానికి మార్గదర్శకాలు ఇచ్చింది. 2020 మేలో వాటిని సవరించి ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్, థర్మకోల్ విగ్రహాలు వద్దని స్పష్టంగా చెప్పింది. సర్వేపల్లి జలాశయం నీళ్లు వరికి పారతాయి, అందులో చేపలు పట్టి బతికే కుటుంబాలున్నాయి. ఆ నీటిలో ఏం కలిపినా తిరిగి మన కంచంలోకే వస్తుంది.

ముగ్గు సంగతీ అంతే. బియ్యప్పిండితో వేసిన ముగ్గు చీమలకు, పిచ్చుకలకు ఆహారమయ్యేది. దాని చోటికి రాతిపిండి వచ్చింది, దాని మీదికి రసాయన రంగులు వచ్చాయి. అరిటాకు చోటికి పైన ప్లాస్టిక్ పొర అతికించిన కాగితం పళ్లెం వచ్చింది. ఆకు పెరట్లో ఉండేది, తిన్నాక గొడ్డుకు వేసేవారు. పళ్లెం డబ్బిచ్చి కొనాలి, తిన్నాక కాలువలో తేలుతుంది. తలుపుకు కట్టిన మామిడి తోరణం స్థానంలో ప్లాస్టిక్ తోరణం వచ్చింది. భోగిపళ్లలో రేగుపళ్లు తగ్గి, మెరుపు కాగితం చుట్టిన చాక్లెట్లు పెరిగాయి. క్రిస్మస్ నక్షత్రమూ అలాగే మారింది. వెదురు బద్దలు, రంగు కాగితం, మైదా జిగురుతో ఇంటిల్లిపాదీ కూర్చుని కట్టుకునే నక్షత్రం స్థానంలో ఒక్క ఏడాదికే వెలిసిపోయే ప్లాస్టిక్ నక్షత్రం అంగట్లో వేలాడుతోంది.

వీటన్నిటిలో ఒక్క సంగతి తేటగా కనిపిస్తుంది. మునుపు మన పండుగ సరంజామా ఆ రుతువులో ఆ ఊళ్లో దొరికేదే. అందువల్ల దానికి ఖర్చు లేదు. అందువల్లే అది చెత్త కూడా కాలేదు. చవకగా ఉండడం, నేలకు బరువు కాకపోవడం రెండు వేర్వేరు సుగుణాలు కావు, రెంటికీ మూలం ఒక్కటే. దూరం నుంచి వచ్చే వస్తువు పండుగలోకి దిగిన రోజునే ఖర్చూ చెత్తా కలిసి దిగాయి. కనుక పాత పద్ధతికి మళ్లడమంటే వెనక్కి పోవడమేమో అని సందేహించనక్కర్లేదు. జేబుకూ చెరువుకూ ఒకే పనితో మేలు జరిగే అవకాశం రోజూ రాదు.

అయినా వస్తువు ఒక్కటే అసలు కథ కాదు. పండుగను నిలబెట్టింది పంచుకోవడం. దీనికి దేశంలోనే అరుదైన ఉదాహరణ మనకు కూతవేటు దూరంలో ఉంది. నెల్లూరులో స్వర్ణాల చెరువు గట్టున బారాషహీద్ దర్గాలో ఏటా మొహర్రం మాసంలో జరిగే రొట్టెల పండుగకు లక్షల మంది వస్తారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2015లో దీన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించింది. హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు అన్న తేడా లేదు. జనం చెరువు నీళ్లలోకి దిగి రొట్టెలు మార్చుకుంటారు. కోరిక ఉన్నవారు రొట్టె పట్టుకుంటారు, కోరిక తీరినవారు రొట్టె వదులుతారు. ఆరోగ్య రొట్టె, చదువు రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, ఉద్యోగ రొట్టె, ఇంటి రొట్టె అంటూ ఎవరి అవసరం వారు పేరు పెట్టి అడుగుతారు. పట్టుకున్నది అక్కడే భక్తిగా తింటారు. కోరిక తీరితే మరుసటి ఏడు అదే రొట్టె చేసుకొచ్చి ఇంకొకరికి ఇస్తారు.

ఆ పండుగలో ఖర్చు ఎంత? పిడికెడు పిండి, చిటికెడు ఉప్పు, కాస్త నూనె. ఇచ్చే చేయి ఎవరిదో తీసుకునే చేతికి తెలియదు. ఉన్నవారి రొట్టె పెద్దదీ లేనివారి రొట్టె చిన్నదీ కాదు. ఒకరి సంతోషం మరొకరి ఆశగా మారుతుంది, ఏడాది తిరిగేసరికి ఆ ఆశ ఇంకొకరికి సంతోషమై చేరుతుంది. వేదిక మీద వెలుగులు, మైకులు, దుకాణాలు అన్నీ పక్కకు తీసేసినా ఆ పండుగకు లోటు రాదు. రొట్టె తీసేస్తే మాత్రం పండుగే లేదు. ఇంత తక్కువ సరుకుతో ఇంత పెద్ద పండుగ చేసుకోవడం తెలిసిన నేల మనది. నెల్లూరు నుంచి ఆ యాత్రికుల్లో చాలామంది మన మండలంలోని కసుమూరు మస్తాన్ వలీ దర్గాకూ వస్తారు. వారు వెళ్లాక చెరువు గట్టు మీద మిగిలే నీళ్ల సీసాలు, కవర్లు ఆ పండుగ లక్షణం కావు. అవి ఈ కాలం దానికి అంటించిన మసి. కడిగితే పోతుంది, కడగవలసింది మనమే.

మన మండలంలోని గొలగమూడిలోనూ ఇదే పాఠం వేరే రూపంలో కనిపిస్తుంది. 1982 ఆగస్టు 24న సమాధి చెందిన భగవాన్ వెంకయ్యస్వామి జీవితమంతా ఒక గోచితో, ఎదుట ఒక ధునితో గడిపిన మనిషి. ఏటా ఆగస్టులో జరిగే ఆయన ఆరాధనకు వచ్చే వేలమందికి అక్కడ గుర్తుండేది అన్నం. ఎవరు వచ్చినా పంక్తిలో కూర్చోబెట్టి పెట్టే అన్నం. ఆడంబరం లేకుండా బతికిన మనిషి పేరు మీద జరిగే ఉత్సవానికి అన్నదానమే పెద్ద అలంకారం.

అన్ని మతాల పండుగల్లోనూ ఈ నియమం ఏదో రూపంలో ఉంది. రంజాన్ నాడు ఈద్ నమాజుకు ముందే ఫిత్రా ఇవ్వాలి. పేదవాడు కూడా ఆ రోజు పండుగ చేసుకోగలగాలన్నది దాని ఉద్దేశం. బక్రీదులో మాంసం మూడు వాటాలు చేసి బంధువులకు ఒకటి, పేదలకు ఒకటి పంచుతారు. సంక్రాంతి నెలలో హరిదాసు అక్షయపాత్రలో, గంగిరెద్దులవారి జోలెలో గింజలు పోయకుండా ఏ ఇల్లూ ఉండేది కాదు. కనుమ నాడు గొడ్డుకూ వాటా ఉండేది. పెద్దలు ఇక్కడ ఒక క్రమం ఏర్పరిచారు. ఎదుటివాడి పండుగ కుదిరాకే మన పండుగ. ఆ క్రమం సడలి, ప్రతి ఇల్లూ తన పండుగ తానే మోసుకోవలసి వచ్చినప్పుడే ఖర్చు మోయలేనిదైంది.

అరిసెల మాటే తీసుకోండి. తడి బియ్యం దంచి పిండి చేయడం, బెల్లం పాకం ముదరకుండా లేతబడకుండా దించడం, వేగినవాటిని చెక్కల మధ్య నొక్కి నూనె పిండడం, ఇదంతా ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఈ రోజు ఈ ఇంట్లో, రేపు ఆ ఇంట్లో అంటూ వీధిలోని ఆడవాళ్లు కలిసి చేసుకునేవారు. పాకం చూసే చేయి వీధికి ఒకటి ఉండేది. పొయ్యి ఒకటే, మూకుడు ఒకటే, నూనె తక్కువ పట్టేది. ఇప్పుడు ఎవరికి వారు అంగట్లో కిలోల లెక్కన కొంటున్నారు. డబ్బు ఎక్కువ పోవడం ఒక నష్టం. పాకం చూసే ఆ నేర్పు కూతుళ్లకు అందకపోవడం అంతకంటే పెద్ద నష్టం.

రొట్టె ఒక పాఠమైతే, నెల్లూరు జిల్లా నేర్పిన రెండో పాఠం రూపాయి. 1990ల మొదట్లో కలిగిరి మండలం దూబగుంటలో మహిళలు సారా మీద తిరగబడ్డారు. మొగుడి కూలి డబ్బు సారా అంగడికి పోతుంటే ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందన్నది వారి ప్రశ్న. రాత్రి బడిలో చదువుకున్న అక్షరాలు ఆ ప్రశ్నకు బలమిచ్చాయి. ఉద్యమం ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించక తప్పలేదు. ఆ మహిళలు అక్కడితో ఆగలేదు. సారాకు పోకుండా మిగిలిన డబ్బును ఏం చేయాలని ఆలోచించి రోజుకు ఒక్క రూపాయి చొప్పున దాచుకున్నారు. అదే పొదుపులక్ష్మి. తర్వాత తెలుగు నేలంతటా అల్లుకున్న పొదుపు సంఘాలకు బలమైన పునాదుల్లో ఇదొకటి.

పండుగ ఖర్చు గురించి మాట్లాడేటప్పుడు ఈ చరిత్రను పక్కన పెట్టలేం. ఇప్పటికీ చాలా ఇళ్లలో పండుగ డబ్బును ముందుగా తినేసేది మద్యమే. బట్టలకు, బెల్లానికి, పిల్లల బొమ్మలకు అయ్యే ఖర్చును పదిసార్లు లెక్కపెట్టే ఇంట్లో సీసా ఖర్చుకు లెక్క ఉండదు. దాన్ని తగ్గిస్తే తక్కినవాటిలో ఏదీ తగ్గించుకోవలసిన అవసరం రాకపోవచ్చు. ఈ మాట పైనుంచి ఎవరో చెబితే వినబుద్ధి కాదు. దూబగుంట మహిళలు చెప్పారు కనుక వినాలి.

రోజుకు రూపాయి అంటే ఏడాదికి 365. ఇవాళ ఆ మొత్తానికి చొక్కా గుడ్డ కూడా రాకపోవచ్చు. రోజుకు పది రూపాయలు పక్కన పెడితే ఏడాదికి 3,650. నలుగురున్న ఇంటికి బియ్యం, బెల్లం, నూనె, నువ్వులు, పిల్లలకు ఒక్కో జత మామూలు బట్టలు ఆ డబ్బుతో చాలావరకు అమరుతాయి. సంక్రాంతి చీటీల పేరుతో ఊళ్లలో ఇలాంటి అలవాటు ఇప్పటికే ఉంది. అయితే ఎవరో ఒక మనిషి చేతికి డబ్బంతా ఇచ్చే చీటీలో భద్రత లేదు, పండుగ ముందు ఆ మనిషి కనబడకపోతే ఎవరిని అడగాలో తెలియదు. అదే పొదుపు సంఘం ఖాతాలో పండుగ నిధి అని వేరుగా జమచేసుకుంటే డబ్బు బ్యాంకులో ఉంటుంది, లెక్క పదిమంది ముందు ఉంటుంది. కోతల తర్వాత ఏప్రిల్‌లో చేతిలో నాలుగు డబ్బులు ఆడినప్పుడు మొదలుపెడితే జనవరికి అప్పు అవసరం రాదు. మన పంట కాలానికీ పండుగ కాలానికీ మధ్య ఉన్న ఎడాన్ని పూడ్చే దారి ఇదొక్కటే.

ఊరు కలిసి చేయగలిగిన పనులు ఇంకా ఉన్నాయి. సిద్దిపేట ప్రాంతంలో స్టీల్ బ్యాంకులు నడుపుతున్నారు. కంచాలు, గ్లాసులు, గరిటెలు ఊరికంతటికీ ఒకచోట పెట్టి, మహిళా సంఘాల చేతుల మీదుగా శుభకార్యాలకు తక్కువ అద్దెకు ఇస్తారు. వాడి పారేసే పళ్లేలు కొనే ఖర్చు కుటుంబానికి తప్పుతుంది, అద్దె సంఘానికి ఆదాయమవుతుంది, చెత్త ఊరికి తగ్గుతుంది. వాడి పారేసే వస్తువులు వద్దంటూ కేరళలో 2015 జాతీయ క్రీడలప్పుడు మొదలుపెట్టిన హరిత నియమావళి పెళ్లిళ్ల దాకా, తిరునాళ్ల దాకా చేరింది. వెంకటాచలం, సర్వేపల్లి, కసుమూరు, గొలగమూడిల్లో ఏడాదంతా ఏదో ఒక జనసమ్మర్దం ఉంటుంది. ఇక్కడి సంఘాలకు ఇలాంటి బ్యాంకు ఒక్కటి ఉన్నా దాని కంచాలు ఖాళీగా కూర్చోవు.

భోగి మంట ఇంటికొకటి అక్కర్లేదు, వీధికొకటి చాలు. ఊరి చుట్టూ చిల్లకంప, ఎండిన తాటి మట్టలు కావలసినన్ని ఉన్నాయి. వాటిని ముందురోజే కుప్పవేస్తే పచ్చని చెట్టు మీద గొడ్డలి పడదు. వదిలించుకోవాలనుకునే ప్లాస్టిక్‌ను, పాత బట్టలను అదే రోజు పంచాయతీ చెత్తబండి సేకరిస్తే పాతను విడిచే ఆచారమూ నెరవేరుతుంది. వాటిలో పనికొచ్చే బట్టలుంటే ఉతికి మడిచి అవసరమున్నవారికి గౌరవంగా ఇవ్వవచ్చు. వినాయక చవితికి వాడవాడకూ ఒక్క మట్టి విగ్రహం పెట్టుకుని, చందాలో మిగిలినదాన్ని బడి పిల్లల పుస్తకాలకు మళ్లిస్తే విఘ్నాలు తొలగించే దేవుడికి అంతకన్నా మంచి పూజ ఉండదు. చట్టం కూడా కొంత మన పక్షాన ఉంది. 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించిన ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల్లో పళ్లేలు, గ్లాసులు, చెంచాలే కాక అలంకరణ థర్మకోల్, మిఠాయి డబ్బాలకు చుట్టే పలుచని పొర, 100 మైక్రాన్ల లోపు పీవీసీ బ్యానర్లు కూడా ఉన్నాయి. పండుగ శుభాకాంక్షల ఫ్లెక్సీలు కట్టించే నాయకులు ఈ నిబంధనను అందరికంటే ముందు పాటిస్తే ఊరు వారి వెంట నడుస్తుంది.

బట్టల విషయంలో ఒక మాట. నేత బట్ట ఖరీదన్నది నిజమే. అందరినీ వెంకటగిరి చీరే కొనమనలేం. కొనగలిగినవారు మాత్రం ఏటా మూడు నాలుగు మెరుపు బట్టలు కొనే బదులు ఒక్క నేత చీరో, పంచో కొంటే అది ఏళ్ల తరబడి నిలుస్తుంది, ఒక మగ్గం ఆడుతుంది. పెద్దలకు పెట్టుకునే బట్టలైనా నూలువైతే బాగుంటుంది. ఆ పెద్దలు కట్టుకున్నది నూలే. ప్రయాణాలకూ ఇదే వర్తిస్తుంది. హైదరాబాదు, బెంగళూరు, చెన్నై నుంచి వచ్చే పిల్లలు కారుకొకరు చొప్పున వచ్చి టోల్‌ప్లాజా దగ్గర బారులు తీరేకంటే కలిసి రావడం, రైల్లో రావడం మేలు. వెంకటాచలానికి విజయవాడ–చెన్నై మార్గం మీద రైల్వేస్టేషను ఎలాగూ ఉంది.

ఈ మార్పులో నష్టపోయేవారి సంగతి కూడా ఆలోచించాలి. రహదారి పక్కన డేరా వేసుకుని విగ్రహాలు పోసే వలస కుటుంబాలు, పండుగ సరుకు మీదే ఏడాది బతుకు నెట్టుకొచ్చే చిన్న అంగళ్లవారు మన శత్రువులు కారు. మట్టి విగ్రహాలకు ముందుగా ఆర్డరిచ్చి కొంత డబ్బు బయానాగా ఇస్తే ఆ చేతులే మట్టిని మలుస్తాయి. మన కుమ్మరులకు ప్రమిదలు, కుండలు, బొమ్మల రూపంలో పని దొరుకుతుంది. దీపావళి మనకు ఈశాన్య వానల నడుమే వస్తుంది. తడిసి పేలని టపాకాయలకు పోసే డబ్బులో సగం మట్టి ప్రమిదలకు పెట్టినా ఇంటి వాకిలి వెలుగుతుంది, కుమ్మరి ఇల్లూ వెలుగుతుంది. టపాకాయలు కాల్చే సమయాన్ని సుప్రీంకోర్టు 2018 అక్టోబరులోనే రాత్రి 8 నుంచి 10 గంటలకు పరిమితం చేసింది. పసిబిడ్డలు, ముసలివాళ్లు, కట్టుకొయ్యకున్న గొడ్లు ఉన్న ఊళ్లో ఆ మాట పాటించడానికి పోలీసులు రానక్కర్లేదు.

ఇవన్నీ ఎవరు ముందు మొదలుపెట్టాలన్నది చివరి ప్రశ్న, అన్నిటికంటే ముఖ్యమైనదీ అదే. ఊళ్లో పండుగ ఎంత ఘనంగా జరగాలో కొలత పెట్టేది లేనివారు కాదు, ఉన్నవారు. పెద్దింటి వాకిట్లో సీరియల్ లైట్లు వెలిగితే పక్కింటి పిల్లాడు తన వాకిట్లో అవి లేవేమని అడుగుతాడు. ఆ అడిగిన మాట తండ్రిని అప్పు దగ్గరికి నడిపిస్తుంది. పెద్దింట్లోనే మట్టి ప్రమిద, మామిడి తోరణం, బియ్యప్పిండి ముగ్గు కనిపిస్తే ఆ పిల్లాడు అడగవలసింది ఉండదు, ఆ తండ్రి తల దించుకోవలసింది ఉండదు. కలిగినవారు తగ్గించుకుంటే దానిపేరు నిరాడంబరత. లేనివారు తగ్గించుకోవలసి వస్తే దానిపేరు లేమి. మొదటిది ఎంత పెరిగితే రెండోది అంత తగ్గుతుంది. కనుక ఈ మాటలు కూలి కుటుంబాల కంటే ముందు రైతుపెద్దలకు, ఉద్యోగులకు, వ్యాపారులకు, పండుగకు ఊరొచ్చే పట్నపు బిడ్డలకు చెందుతాయి.

రాబోయే సంక్రాంతికి ఒక్కో ఊరు ఒక్కో పని ఎంచుకుంటే చాలు. ఒక చోట వీధికొక భోగి మంట, ఒక చోట కంచాల బ్యాంకు, ఒక చోట సంఘం ఖాతాలో పండుగ నిధి. పక్క ఊరు చూసి నేర్చుకుంటుంది. ఏ ఊరి పండుగ ఎంత బాగా జరిగిందో ముక్కనుమ మర్నాడు తెలుస్తుంది. ఆ రోజు ఏ ఇంట్లోనూ వడ్డీ లెక్క మొదలుకాకుండా, కాలువలో పళ్లేలు తేలకుండా, పండుగ వంట రుచి చూడని మనిషి ఒక్కరూ లేకుండా ఉంటే, ఆ ఊరు పండుగను ఘనంగానే చేసుకున్నట్టు.